తప్పు పెట్రోలుదేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో పాత మోటార్‌సైకిళ్ల గురించి వచ్చిన వ్యాసంలో, ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లనే రెండు సిలిండర్ల పాత బండ్లు మిస్సింగ్ కొడుతున్నాయని (ఏదో ఒక సిలిండరులో మధ్యమధ్య మంట అంటుకోక తడబడుతున్నాయని) రాశారు. ఆ మాట పూర్తిగా తప్పని నేననను. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత జెట్లతో (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాలతో) నడిచే ఇంజన్‌లో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని కొంత పలుచన చేస్తుంది. అయితే రెండు సిలిండర్లకూ పెట్రోలు వచ్చేది ఒకే ట్యాంకు నుంచి. ఒకటి చక్కగా పనిచేస్తూ రెండోది మాత్రమే తప్పుతున్నప్పుడు ముందుగా పెట్రోలునే అనుమానించడం సబబు కాదు.

నా దగ్గర ఉన్నది రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి మన దేశంలో ఆ పేరుతో తయారు చేసింది. 347 సీసీల టూ స్ట్రోక్ ఇంజన్, రెండు సిలిండర్లు, వాటికి విడివిడిగా రెండు కార్బొరేటర్లు, తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పు పడే క్షణాన్ని నిర్ణయించే రెండు జతల పాయింట్లు, రెండు కండెన్సర్లు, ప్లగ్‌కు కావలసిన కరెంటు పుట్టించే రెండు కాయిళ్లు. నిరుడు ఈ బండి మల్లేశ్వరంలో బాగానే బయలుదేరి, యలహంక దాటేసరికి కుడి వైపు మిస్సింగ్ మొదలుపెట్టేది. పావుగంట నీడలో నిలిపితే మళ్లీ మామూలయ్యేది. ఒక గ్యారేజీవారు మూడుసార్లు కార్బొరేటర్లు విప్పి కడిగి, జెట్లు మార్చి, వీధి చివరిదాకా ట్రయల్ వేసి, బాగైందని చెప్పి పంపించారు. జెట్‌లో ఇరుక్కున్న నలుసుకు ఇంజన్ వేడెక్కిందా చల్లారిందా అన్న పట్టింపు ఉండదని నాకు అప్పుడే తట్టి ఉండవలసింది.

చివరికి మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన, స్పానర్ కూడా పట్టకుండానే, "ఎడమదాన్ని కుడికి ఏసి చూడు సామీ, జబ్బు యాడికి పోతాదో తెలుస్తాది" అన్నాడు. చీకటి పడ్డాక, బాగా తిరిగి వచ్చిన ఇంజన్ ఆగకుండానే ఎడమ పక్కనున్న పాయింట్ల మూత తీసి చూపించాడు. ఒక జత పాయింట్ల మధ్య సన్నటి చుక్కంత వెలుగు మాత్రమే ఉంది. కుడి సిలిండరుకు చెందిన జత మధ్య నీలిమంట టపటపలాడుతోంది. పాయింట్లు విడిపోయే క్షణంలో అక్కడ మంట లేవకుండా చూడటం కండెన్సర్ పని. అది వేడికి నీరసిస్తే కాయిల్‌లో పుట్టవలసిన బలం పాయింట్ల దగ్గరే కాలిపోయి, ప్లగ్‌కు చేరేది అరకొర నిప్పే. రెండు కండెన్సర్లనూ అటుదిటు మార్చి మర్నాడు మళ్లీ యలహంక దాకా వెళితే, ఈసారి మిస్సయింది ఎడమ సిలిండరు. ఆ కండెన్సర్ అంతకు రెండు నెలల ముందు కొన్నదే. కొత్తది కదా అని దాన్ని ఎవరూ అనుమానించలేదు.

రెండు సిలిండర్ల బండికి ఉన్న సౌకర్యమే ఇది: పోల్చి చూడటానికి మంచి సిలిండరు పక్కనే ఉంటుంది. ప్లగ్, దాని క్యాప్, కండెన్సర్, కాయిల్ ఒక్కసారికి ఒక్కటి చొప్పున తారుమారు చేస్తే, దేనితో పాటు జబ్బు పక్కకు మారిందో దోషం దానిదే. నిప్పు చూడాలనుకున్నప్పుడు ప్లగ్‌ను ఇంజన్ లోహానికి ఆనించే ఉంచాలి. గాలిలో వేలాడదీసి కిక్ కొడితే పాత కాయిల్ లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది. పాయింట్ల సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, దాన్ని కదిపితే టైమింగ్ (నిప్పు పడే సమయం) కూడా కదులుతుంది కనుక రెండు వైపులా విడివిడిగా సరిచూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే కార్బొరేటర్ జోలికి పోవాలి. అక్కడా తేలకపోతే క్రాంక్ సీళ్లను (ఇంజన్ లోపలి ఇరుసు రెండు కొసల దగ్గర గాలి, ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయాలను) అనుమానించాలి: ఎడమ సీలు పోతే గాలి పీల్చుకొని, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం దిగదు; కుడి సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ లోపలికి లాగబడి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. అది చిల్లర మరమ్మతుతో తీరే పని కాదు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మీ వ్యాసం చదివిన మా వీధిలోని ఒక మిత్రుడు తన బండి ట్యాంకు కడిగించి, గొట్టాలు, కార్బొరేటర్ సీళ్లు అన్నీ మార్పించాడు. నిన్న ఉదయం చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, రెండు నిమిషాలయ్యాక సిలిండర్ల దగ్గర రెండు సైలెన్సర్ గొట్టాల మీదా నీళ్లు చిలకరించాం. ఎడమ వైపు చుయ్‌మని ఆవిరైపోయాయి. కుడి వైపు నీళ్లు చుక్కలు చుక్కలుగా అలాగే నిలిచి, మెల్లగా కిందికి జారాయి. అంటే ఇన్ని మార్పించాక కూడా ఆ సిలిండరులో మంట అంటుకోవడం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు