కట్ట దిగువ వైపు కూడా చూడండి

అందరికీ నమస్కారం. వరద ఆపే మన మట్టికట్ట ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ నీళ్లు నిండిన రోజే దానికి అసలు పరీక్ష. ఈ వానల్లో అటు వెళ్లేవాళ్లు దయచేసి దిగువ వాలు, కట్ట అడుగు బాగా చూడండి. కొద్దిగా ఊట ఉండొచ్చు, తేటగా ఉంటే రోజూ గమనిస్తే చాలు. అదే బురదగా మారినా, ధార పెరిగినా, ఊట చుట్టూ సన్నటి ఇసుక గుండ్రంగా పేరుకుంటున్నా లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. వెంటనే ఇంజనీర్‌కి ఫోన్ చేయండి, దిగువ ఇళ్లవాళ్లను కదిలించండి, ఫొటోలు తర్వాత. 1976లో అమెరికాలో టీటన్ మట్టి డ్యామ్ దగ్గర పొద్దున బురద ఊట కనిపిస్తే పన్నెండు గంటలకల్లా గండి పడింది.

ఊట కారే చోట మాత్రం బంకమట్టి కొట్టి మూసేయొద్దు, లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు ఇంకోచోట తన్నుకొస్తాయి.

అలుగుకి అడ్డంపడ్డ కొమ్మలు, చెత్త వాన రాకముందే తీసేయాలి. నీళ్లు పైనుంచి పొర్లితే మట్టికట్ట ఆగదు. కట్ట మీద మొలిచే చెట్లను మొక్కగా ఉన్నప్పుడే పీకేద్దాం, పెద్దయ్యాక నరికితే వేళ్లు కుళ్లి నీళ్లకు దారి అవుతాయి. ఆదివారం పొద్దున ఎవరెవరు రాగలరో చెప్పండి.