కొండల మధ్య పాత రాజధాని

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మొన్న ఫోనులో ఆంటిగ్వా గురించి మొదలుపెట్టి సగంలో ఆపేశాను కదా, మిగతాది తీరిగ్గా రాస్తున్నా.

ఇది కరీబియన్ దీవి ఆంటిగ్వా కాదురా. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో, సుమారు 1,500 మీటర్ల ఎత్తున పాంచోయ్ లోయలో ఉన్న ఊరు. దక్షిణాన ఆగ్వా, పడమటి వైపు ఆకతెనాంగో, ఫ్వేగో. మూడూ 3,700 మీటర్లు దాటిన అగ్నిపర్వతాలే. ఫ్వేగో అయితే ఇప్పటికీ రగులుతూనే ఉంది, 2018లో పల్లెల్ని బూడిదలో ముంచేసింది. అలాంటి చోటు నుంచే స్పెయిన్ వాళ్ళు ఇప్పటి మెక్సికోలోని చియాపాస్ మొదలుకుని కోస్టారికా దాకా రెండు వందల ఏళ్ళకు పైగా ఏలారు.

అసలు మొదటి రాజధాని ఇది కాదు. 1524లో స్పెయిన్ సేనాని పెద్రో దె అల్వరాదో దాన్ని ఇషిమ్చేలో పెట్టాడు. అది కక్చికెల్ మాయా ప్రజల నగరం. పాపం, మొదట వాళ్ళే అతనికి యుద్ధంలో సాయపడ్డారు. ఆ కృతజ్ఞత లేకుండా బంగారం తెమ్మని పీడిస్తే ఆ ఏడాదే తిరగబడ్డారు. నాకైతే వాళ్ళదే న్యాయం అనిపిస్తుంది. 1527లో రాజధాని ఆగ్వా కొండ కిందికి మారింది.

1541లో మెక్సికోలో ఒక గుర్రం తన మీద పడి అల్వరాదో చచ్చిపోయాడు. భార్య బెయాత్రిస్ దె లా క్వేవా గవర్నరైంది, ఆ రోజుల్లో ఒక ఆడమనిషి! సంతకంలో తనని తాను 'అభాగ్యురాలు' అని రాసుకుంది. తర్వాత రెండు రోజులు కూడా గడవలేదురా. ఎడతెరిపి లేని వానలకి కొండ మీంచి బురద, బండలు రాత్రిపూట ఊరి మీద విరుచుకుపడ్డాయి. ప్రార్థన మందిరంలో తలదాచుకున్న ఆమె, వెంట ఉన్న ఆడవాళ్ళు అక్కడే పోయారు. ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

1543లో పాంచోయ్‌కి వచ్చారు. ఎంత దూరమనుకున్నావు? పక్క లోయకే! నడిమధ్యన చౌకు, చదరంగపు గళ్ళలా వీధులు, 1676లో విశ్వవిద్యాలయం. భూకంపాలకి భయపడి గోడలు మందంగా, గోపురాలు పొట్టిగా కట్టడం నేర్చుకున్నారు. లా మెర్సెద్ చర్చి అలాంటిదే, ఇప్పటికీ నిలిచి ఉంది.

1773 జూలై 29న మళ్ళీ కంపించింది. 1776లో రాజధాని ఇప్పటి గ్వాటెమాలా సిటీకి పోయింది. వెళ్ళనని ఆర్చిబిషప్ కోర్తెస్ ఇ లర్రాస్ మొండికేశాడు. ఖాళీ చేయమని ఎంత ఒత్తిడి చేసినా కొందరు ఇళ్ళు వదల్లేదు. నాకు ఈ కథలో అందరికంటే వాళ్ళే ఇష్టం. వాళ్ళుండబట్టే ఊరు బతికింది. అధికారం పోయింది కాబట్టి పాతవి పడగొట్టి పెద్ద కట్టడాలు లేపేవాళ్ళూ రాలేదు. 1979లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పోనీ, కొత్త రాజధానికి భద్రత దొరికిందా అంటే, 1917లోనూ 1976లోనూ అదీ కూలింది.

మ్యాపులో ఆగ్వా కొండ పట్టుకుని కొంచెం ఉత్తరానికి వస్తే ఊరు కనబడుతుంది, చూడు. చూశాక తప్పకుండా జవాబు రాయి.

నీ
మూర్తి