వార్షిక నివేదిక: స్టూడియోలో డంబెల్స్‌కు ఒక చోటు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మ్యాట్లు మార్చాం, అద్దాలు బిగించాం, సౌండ్ సిస్టమ్ బాగు చేయించాం. కానీ కమిటీ ఎక్కువ సమయం పెట్టింది గ్రూప్ క్లాసుల గదిలో డంబెల్స్ సర్దే విషయం మీదే. అందుకే దాని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంతకుముందు క్లాసు అయ్యేసరికి డంబెల్స్ అద్దాల కిందా, తలుపు పక్కనా పడి ఉండేవి. ఒకటి దొరికితే దాని జత కోసం వెతుక్కోవాలి. గుండ్రటివి దొర్లుకుంటూ వచ్చి, గెంతేవాళ్ల కాళ్లకింద పడేవి. ఇది చూసినప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉండేది. మొదట సభ్యుల అజాగ్రత్తే అనుకుని గోడకు నోటీసు అంటించాం. ఏమీ మారలేదు. తర్వాత కొన్ని క్లాసులు చివరిదాకా కూర్చుని చూశాం. ఉన్నది ఒకటే స్టాండు, అదీ ఒక మూల. పాట మారేలోపు అందరూ అక్కడికే పోవాలి. ఆ రద్దీలో ఆగలేక చేతిలోవి నేలమీదే పెట్టేస్తున్నారు. పొరపాటు మాదేనని ఒప్పుకుని నోటీసు తీసేశాం.

ఇప్పుడు గదికి చెరో పక్క ఒక స్టాండు ఉంది. 20 మంది తలా ఒక జత 2 కిలోలవి వాడితే అవే 80 కిలోలు. అందుకే స్టాండ్లను గోడకు బోల్టులతో బిగించాం. బరువైనవి కింది అరలో, తేలికవి నడుము ఎత్తులో ఉంటాయి. బరువైనవే పైన పెడితే వంగే బాధ తప్పుతుంది కదా అని మోకాళ్ల నొప్పులున్న సభ్యులు అడిగారు. అడగడం న్యాయమే. అయితే పైభాగం బరువెక్కితే స్టాండు తూలే ప్రమాదం ఎక్కువ, చెయ్యి జారితే దెబ్బా పెద్దదే. వారికోసం కింది అరనే మోకాలి ఎత్తుకు లేపించాం.

ప్రతి అర అంచున కిలోల అంకె, ఒక్కో బరువుకు ఒక్కో రంగు పట్టీ వేశాం. కొత్తగా కొన్నవన్నీ ఆరు పలకలవి, నేలమీద పెట్టినా దొర్లవు. వాడాక చెమట తుడిచి, తడి ఆరాకే అరలో పెట్టండి. తడి నిలిస్తే పిడి తుప్పు పడుతుంది. సర్దడానికి వీలుగా చివరి పాట రెండు నిమిషాల ముందే ఆపమని శిక్షకులను కోరాం, వారూ ఒప్పుకున్నారు.

కెటిల్‌బెల్స్‌కు (పిడి ఉన్న ఇనుప గుండ్లకు) మాత్రం ఇంకా చోటు కుదరలేదు. వాటి పిడి పైకి ఉండటంతో ఈ అరల్లో పట్టవు. ప్రస్తుతం వెనక గోడ వారగా రబ్బరు మ్యాట్ మీద ఉంచుతున్నాం. వేరే స్టాండు చేయించాలా, అలాగే ఉంచాలా అన్నది సర్వసభ్య సమావేశంలో మీరే చెప్పండి.

— కార్యదర్శి