ఫ్రీ స్పీడ్ అని రాసిన్రు, ఎండాకాలం లెక్క రాయలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో పాత కంప్యూటర్‌ని పైసా ఖర్చు లేకుండా ఫాస్ట్ చేసుకోవచ్చని ఓవర్‌క్లాకింగ్ మీద, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ ఇచ్చిన స్పీడు కంటే ఎక్కువలో నడిపించుడు మీద, సగం పేజీ రాసిన్రు. రాసినాయన మంచిగనే రాసిండు, మామూలు మనిషికి కూడా అర్థమయ్యేటట్టు ఉంది, కానీ అందులో ఒక తప్పు ఉంది, ఇంకొకటి మొత్తానికే రాయలేదు, ఆ రెండిటి వల్లనే పోయిన ఏప్రిల్‌లో ఒక పెళ్లి ఫ్లెక్సీ నేను సొంత పైసలతో మళ్లీ కొట్టించి ఇచ్చిన. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైతది, ఏమనుకోకండి.

నాది గోదావరిఖని, ఇరవై ఏండ్ల పైనుంచి డీటీపీ పని, శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్ బుక్కులు. మా దగ్గర ఎండ సంగతి మీకు కొత్తగ చెప్పేదేం లేదు, మా రామగుండం పేరు ప్రతి మే నెలలో మీ పేపర్లోనే వస్తది. దానికి తోడు బొగ్గు దుమ్ము, కంప్యూటర్ పక్క డోర్ తీస్తే ఫ్యాన్ రెక్కల మీద కాటుక పూసినట్టు ఉంటది, వేలు పెడితే వేలు నల్లగైతది. ఫ్లెక్సీ మిషన్ ఉన్న రూముకి ఏసీ ఉంది గానీ నేను కూర్చునే కౌంటర్ ముందట రేకుల కింద.

నా పాత సిస్టం ఏఎండీ కంపెనీ రైజెన్ 5 1600 ప్రాసెసర్, బి350 మదర్‌బోర్డు, అప్పట్లో మంచి సెట్. ఆరు కోర్లు (ఒకేసారి లెక్కలు చేసే ఆరు భాగాలు), కంపెనీ ఇచ్చిన స్పీడు 3.2 గిగాహెర్ట్జ్, అన్ని కోర్లకి లోడ్ పడితే అదే 3.4 దగ్గర నడిచేది. పోయిన డిసెంబర్‌లో ఒక వీడియో చూసి, అచ్చం మీ వ్యాసంలో ఉన్నట్టే, బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగులలోకి) పోయి మల్టిప్లయర్ (బోర్డు ఇచ్చే 100 మెగాహెర్ట్జ్‌ని ఎన్ని రెట్లు చెయ్యాలో ఆ అంకె) 39 పెట్టి వోల్టేజ్‌ని ఆటోలో వదిలేసిన. 3.9 గిగాహెర్ట్జ్‌కి వచ్చింది, రాత్రి పూట గంట సేపు టెస్ట్ పెట్టిన, రూములో 22 డిగ్రీలు, ప్రాసెసర్ 78, ఏం ఆగలేదు, ఫోటోషాప్‌లో పెద్ద ఫైలు సేవ్ అయ్యే టైం కూడా తగ్గింది, నేనేదో గెలిచిన అనుకున్న.

ఏప్రిల్‌లో లగ్గాల సీజన్. ఇరవై బై పది అడుగుల స్వాగత ఫ్లెక్సీ ఒకటి, మధ్యాహ్నం రెండున్నరకి ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసి మిషన్‌కి ఇచ్చిన. ఫ్లెక్సీ బయటికొచ్చినంక చూస్తే పెళ్లికొడుకు మెడ మీదుగ అడ్డంగ ఒక ఆకుపచ్చ గీత, రెండు వేళ్ల మందం. మా పోరగాడు ప్రింటర్ హెడ్డు పోయిందన్నడు, హెడ్డు క్లీన్ చేసి మళ్లీ కొడితే మళ్లీ అదే గీత, అదే జాగాలో. అప్పుడు ఫైలు తెరిచి జూమ్ చేస్తే గీత ఫైలులోనే ఉంది! సిస్టం ఆగలేదు, నీలం స్క్రీన్ రాలేదు, ఎర్రర్ మెసేజ్ కూడా లేదు, ప్రాసెసర్ లెక్క తప్పింది, తప్పిన లెక్కనే సేవ్ చేసింది. దీని గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు సార్. ఎక్కువ స్పీడ్ తట్టుకోకపోతే "కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, అప్పుడు తగ్గించుకోవచ్చు" అని రాసిన్రు, రీస్టార్ట్ అయితే మంచిదే కదా, తెలుస్తది. తెలియకుండ జరిగేదే ముంచేది. జిప్ ఫైళ్లు తెరుచుకోకపోవడం, ఫోటోలు సగం బూడిద రంగు కావడం, వీటిలో కొన్ని ఈ జాతివే.

ఇక లెక్క చూడండి. డిసెంబర్‌లో రూము 22, ప్రాసెసర్ 78, అంటే గాలి కంటే 56 ఎక్కువ. ప్రాసెసర్‌ని గాలితో చల్లబరిచే ఏ కూలర్ అయినా రూము టెంపరేచర్ కంటే కిందికి తేలేదు, ఆ 56 అట్లనే ఉంటది. మే నెలలో రేకుల కింద 42 ఉంటే 42కి 56 కలపండి, 98. ఆ ప్రాసెసర్‌కి ఏఎండీ చెప్పిన హద్దు 95. నేను దుమ్ము లెక్క ఇంకా కలపలేదు. పైగా చిప్ ఎంత వేడెక్కితే అంత కరెంటు ఊరికే లీకైతది, అదే స్పీడు నిలబెట్టడానికి ఇంకింత వోల్టేజ్ అడుగుతది, అంటే డిసెంబర్‌లో సరిపోయిన వోల్టేజే మే నెలలో చాలదు. చలికాలంలో పాసైన ఓవర్‌క్లాక్ చలికాలానికే సార్.

ఇప్పుడు తప్పు సంగతి. "వోల్టేజ్‌ని ఆటోలో వదిలేయండి, బోర్డే చూసుకుంటుంది" అని రాసిన్రు. బోర్డు చూసుకునేది మన సిస్టం ఆగకుండ ఉండాలని, చిప్ పదేళ్లు బతకాలని కాదు, అందుకే ఆటోలో చాలా బోర్డులు అవసరానికి మించి ఇస్తయి. నా దాంట్లో మామూలుగ 1.2 వోల్ట్ దగ్గర ఉండేది, ఆటో దాన్ని 1.4కి ఎక్కించింది, నేను చూసుకోనే లేదు. ప్రాసెసర్ తినే కరెంటు స్పీడుతో పాటు మామూలుగ పెరుగుతది గానీ వోల్టేజ్‌తో వర్గం లెక్కన పెరుగుతది, చిన్నప్పటి లెక్కే. 1.4ని 1.2తో భాగించి వర్గం చేస్తే 1.36, స్పీడు 3.4 నుంచి 3.9 అంటే 1.15, రెండు గుణిస్తే 1.56. అంటే 15 శాతం స్పీడు కోసం 56 శాతం ఎక్కువ వేడి. ఆ బేరం ఏ వ్యాపారం చేసేటోడూ ఒప్పుకోడు, నేను కూడా ముందు లెక్కేసుంటే ఒప్పుకోకపోదును.

ఓవర్‌క్లాకింగ్ అంటే నాకు పడదని కాదు. అది నిజంగ ఫాయిదా ఉన్న రోజులు చూసిన. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ వచ్చింది, మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్ చేసి ఉండేది, బోర్డులో బస్సు స్పీడు, అంటే ఆ మల్టిప్లయర్ గుణించే స్పీడు, 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ కాస్త 450 అయ్యేది, సగానికి సగం ఎక్కువ. తర్వాత ఏఎండీ డ్యురాన్ వచ్చినప్పుడు ప్రాసెసర్ పైన చిన్న చిన్న గీతలు తెగి ఉంటే వాటిని నటరాజ్ పెన్సిల్‌తో కలిపి లాక్ తీసేటోళ్లం, గ్రాఫైట్‌లో కరెంటు పోతది కదా, చెయ్యి వణికితే పక్క గీతకి అంటేది, ఎరేజర్‌తో తుడిచి మళ్లీ గీసేది.

ఇప్పుడు ఆ మిగులు స్పీడు మనకి వదలడం లేదు, కంపెనీలే చల్లదనం చూసుకుని, కరెంటు చూసుకుని చిప్‌ని హద్దు దాకా అదే ఎక్కేటట్టు చేసి అమ్ముతున్నయి, దాన్నే బూస్ట్ అంటున్నరు. మనం చేత్తో అన్ని కోర్లకి ఒకే స్పీడు కట్టేస్తే ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో స్పీడు తగ్గినా తగ్గొచ్చు. ఇంటెల్‌లో అయితే పేరు చివర కె ఉన్న ప్రాసెసర్, దానికి జెడ్ రకం బోర్డు ఉంటే గానీ మల్టిప్లయర్ కదలదు, మీ వ్యాసం చదివి ఇంటెల్ హెచ్ బోర్డు, బి బోర్డు ఉన్నోళ్లు బయోస్ అంతా వెతుక్కుని ఉంటరు పాపం. అసలు వోల్టేజ్‌తో ఆటలు ఎంత దూరం పోతయో కంపెనీలకే అనుభవమైంది. 2023లో రైజెన్ 7000 చిప్పులు, ముఖ్యంగ 7800ఎక్స్3డి, కొన్ని బోర్డుల్లో కాలిపోతే ఎస్ఓసీ వోల్టేజ్ (చిప్‌లో ర్యామ్‌ని నడిపించే భాగానికి పోయే వోల్టేజ్) 1.3 దాటకుండ కొత్త బయోస్‌లు ఇచ్చిన్రు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజ్ వల్ల దెబ్బతింటున్నయని ఇంటెలే ఒప్పుకుంది, కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) ఇచ్చి వారంటీ ఇంకో రెండేండ్లు పెంచింది. ఆ చిప్పులున్నోళ్లు ఓవర్‌క్లాక్ సంగతి తర్వాత, ముందు బయోస్ అప్‌డేట్ చేసుకోవాలె, ఇది మీరు వేసి ఉంటే ఎంతమందికి పనికొచ్చేదో. అన్నట్టు ఓవర్‌క్లాక్ చేసి చెడగొడితే రెండు కంపెనీలూ వారంటీ ఇవ్వవు, అదీ రాయలేదు.

మరి పాత సిస్టం ఉన్నోడు ఏం చెయ్యాలె? నేను చేసింది చెప్త. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, నా 1600 విండోస్ 11 లిస్టులో లేదు. మా ఊళ్లో ఒక షాపులో అడిగితే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ మార్చాలన్నడు. మార్చే పనే లేదు సార్! ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే జాగ) అన్నది 2017లో వచ్చిన రైజెన్ దగ్గర నుంచి 5000 సిరీస్ దాకా ఒక్కటే, 2022లో పాత 300 సిరీస్ బోర్డులకి (నా బి350 అందులోదే) కూడా 5000 ప్రాసెసర్లు పనిచేసేటట్టు ఏఎండీ దారి ఇచ్చింది, బోర్డు కంపెనీ సైటులో మన మోడల్ పేజీ తెరిచి సీపీయూ సపోర్ట్ లిస్ట్ చూసుకుంటే తెలిసిపోతది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి రైజెన్ 5 5600 తెచ్చుకున్న, అదే 65 వాట్లు, అదే ఆరు కోర్లు, నేనేం ముట్టుకోకుండనే 4.4 గిగాహెర్ట్జ్ దాకా పోతది, విండోస్ 11 కూడా ఎక్కింది, బయోస్‌లో టీపీఎం అనే సెక్యూరిటీ ఆప్షన్ ఆన్ చేసుకోవాలె అంతే.

ఇక్కడ వరస ముఖ్యం. పాత ప్రాసెసర్ ఉండంగనే బయోస్ అప్‌డేట్ చెయ్యాలె, కొత్తది పెట్టినంక చేద్దామంటే డిస్‌ప్లేనే రాదు. అప్‌డేట్ నడిచే ఆ నాలుగైదు నిమిషాలు కరెంటు పోవద్దు, పోతే బోర్డు చచ్చిపోయినా చచ్చిపోతది, ఊరి పక్కన ఎన్టీపీసీ ఉన్నా మా గల్లీలో కరెంటు పోయేది పోతనే ఉంటది, కాబట్టి యూపీఎస్ మీద పెట్టి, బ్యాటరీ బాగుందో లేదో ముందే ఒకసారి ప్లగ్ పీకి చూసుకుని అప్పుడు మొదలుపెట్టిన. 600 వీఏ యూపీఎస్ అంటే సుమారు 360 వాట్లే, ఫ్లెక్సీ మిషన్ కూడా దాని మీద పెట్టకండి.

కూలర్ తీసేటప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ప్రాసెసర్‌కి కూలర్‌కి నడుమ పూసిన పాత పేస్ట్ గట్టిపడి, కూలర్ లాగితే లాక్ తీయకుండనే ప్రాసెసర్ కూడా దానికే అంటుకుని పైకొచ్చింది, 1331 పిన్నుల్లో ఒక మూలకి నాలుగు వంగినయి. పెన్ పెన్సిల్‌లో లెడ్ తీసేసి, ఆ ఖాళీ గొట్టాన్ని పిన్నుకి తొడిగి ఒక్కొక్కటి మెల్లగ నిలబెట్టిన, కండ్లద్దాలు పెట్టుకుని, ఫ్యాన్ బంద్ చేసి, చెమటలు కారుతుంటే. (మళ్లీ పెన్సిలే చూడండి!) పాత ప్రాసెసర్ కాబట్టి సరిపోయింది. మీరు చేసేటప్పుడు ముందు సిస్టం మీద పది నిమిషాలు ఏదైనా బరువు పని నడిపించి పేస్ట్ మెత్తపడ్డంక ఆఫ్ చేసి ప్లగ్ పీకి, కూలర్‌ని అటు ఇటు మెలితిప్పి తీయండి, నిటారుగ లాగొద్దు. కొత్తది బిగించేటప్పుడు నాలుగు స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెం తిప్పాలె.

నిజంగ ఫ్రీ స్పీడ్ ఏదన్న ఉంటే అది ర్యామ్‌లో ఉంది. 3200 అని రాసి ఉన్న ర్యామ్ కొంటరు, అది చాలా సిస్టంలలో 2133, 2400 దగ్గరే పడుకుని ఉంటది, ఎందుకంటే బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి తెచ్చే సెట్టింగ్) ఆన్ చెయ్యరు. అది కూడా లెక్కకి ఓవర్‌క్లాకే, ఆన్ చేసినంక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రి నడిపించాలె. ఒకటే ర్యామ్ ఉంటే జతకి ఇంకోటి వేసి డ్యూయల్ ఛానెల్ (రెండూ ఒకేసారి పనిచేసేటట్టు) చేసుకున్నా తేడా తెలుస్తది.

ఇంత చెప్పినా చేస్తమంటరా పోరగాండ్లు, చేయండి, కానీ వోల్టేజ్ మీ చేత్తో ఫిక్స్ చేసుకోండి, మొదటి తరం రైజెన్‌కి (నా 1600 లాంటిదానికి) 1.35 దాటొద్దు, 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతిసారి ఓసీసీటీ గానీ ప్రైమ్95 గానీ, ప్రాసెసర్‌కి బరువు పెట్టి పరీక్షించే ప్రోగ్రాం ఏదో ఒకటి, గంట నడిపించి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో టెంపరేచర్ చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి, 85 దాటితే వెనక్కి రండి. ఆ టెస్ట్ ఎండ పూట పెట్టండి. స్క్రీన్ రాకపోతే భయపడకండి, ప్లగ్ పీకి బోర్డు మీద ఆ గుండ్రటి బ్యాటరీ తీసి కాసేపు ఆగి పెడితే బయోస్ మొదటికొస్తది. వీటన్నిటికంటే ముందు క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుందా చూడండి, అంటే ఎర్తింగ్ లేదని, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

నేనైతే ఇప్పుడు ఉల్టా చేస్తున్న. ఎండాకాలం నాలుగు నెలలు బయోస్‌లో ఈకో మోడ్ పెట్టి 65 వాట్ల చిప్‌ని 45 వాట్ల లెక్కలో నడిపిస్తున్న, నా ఫోటోషాప్ పనిలో తేడా నాకైతే కనబడలేదు.

మీరు వచ్చే ఆదివారం సవరణ వేస్తే ఆ "ఆటో" ముక్క మార్చండి. ఇంకో చిన్న విన్నపం, ఆ వ్యాసం రాసినాయనని తన సిస్టం మీద మధ్యాహ్నం రెండింటికి ఏసీ బంద్ చేసి గంట సేపు టెస్ట్ నడిపించి, రూము ఎంత, ప్రాసెసర్ ఎంత అని రెండంకెలు పేపర్లో వెయ్యమనండి. నా దాంట్లో ఇయ్యాల రూము 41, ప్రాసెసర్ 76.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
గోదావరిఖని