దొంగనోటు అప్పగిస్తే చేతికొచ్చేది రసీదేనా?

కేంద్ర బ్యాంకు గవర్నర్ గారికి,

నమస్కారం.

ఏ దేశపు కేంద్ర బ్యాంకో పైన రాయలేదు. మరిచిపోయి కాదు. ఆ కుర్చీలో ఎక్కడ ఎవరున్నా ఈ ఉత్తరం వారికే. భారత్, అమెరికా, బ్రిటన్, యూరో దేశాలు... చట్టాలు వేరు, నోట్లు వేరు. ఈ ఒక్క సంగతిలో మాత్రం అందరిదీ ఒకటే మాట: దొంగనోటు చివరికి ఎవరి చేతిలో తేలితే నష్టం వాళ్లదే.

ఈసారి నా చేతిలో తేలింది. పాత కెమెరా అమ్మితే కొన్నాయన నోట్లిచ్చాడు. లెక్క చూసుకున్నానే గానీ నోట్లు చూసుకోలేదు. మర్నాడు బ్యాంకులో క్యాషియరమ్మ ఒక నోటు దగ్గర ఆగింది. బొమ్మ అంచు మీద బొటనవేలి గోరుతో గీసింది. మళ్లీ గీసింది. అసలు నోటైతే అక్కడ సిరా ఉబ్బెత్తుగా తగలాలి. దీని మీద గోరు గాజు మీద జారినట్టు జారిపోయింది. తర్వాత నీలిదీపం కింద పెట్టింది. నూలు కాగితపు నోటు ఆ వెలుగులో మసగ్గానే ఉంటుంది, అక్కడక్కడ దారాలు మాత్రం మెరుస్తాయి. నాది సబ్బుపొడితో ఉతికిన తెల్లచొక్కాలా మొత్తం మెరిసిపోయింది.

తర్వాత ఏం జరిగుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ముద్ర కొట్టారు, నోటు ఉంచేసుకున్నారు, రసీదు చేతిలో పెట్టారు. ఖాతాలో దాని తాలూకు ఏమీ పడలేదు. "మీకెవరిచ్చారు?" అని మేనేజరు గట్టిగా అడిగేసరికి వరుసలో నా వెనకున్నాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇది విని నా స్నేహితుడు, "రద్దీలో ఎక్కడో మార్చేస్తే పోయేది కదా, పనిగట్టుకుని బ్యాంకుకు తీసుకెళ్లావా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. లెక్క తెలిసినవాడు, అంతే. తెలియక తీసుకున్నవాడిది నేరం కాదు, తెలిసీ ఇంకొకరికి అంటగడితే నేరం. భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ ప్రకారం దొంగదని నమ్మడానికి తగిన కారణం ఉండి చలామణీ చేసినా శిక్ష పడుతుంది. కానీ గవర్నర్ గారూ, అంటగట్టినవాడు దొరకడం ఎంత అరుదో మీకూ తెలుసు. నోటు అప్పగించినవాడికి మాత్రం నష్టం ఖాయం. ఇలాగైతే నా స్నేహితుడి లెక్కే గెలుస్తుంది.

పరిహారం ఇస్తే అచ్చువేసేవాళ్లే వచ్చి వరుసలో నిలబడతారని మీరనొచ్చు. నిజమే. దొంగనోటుకు అసలునోటు ఇమ్మని నేనూ అడగను. అయినా ఒక్క పాత సంగతి గుర్తుచేస్తాను. పోర్చుగల్‌లో ఆల్వెస్ దోస్ రేయిస్ అనే ఆయన దొంగ ఒప్పంద పత్రాలు చూపించి, ఆ దేశపు అసలు 500 నోట్లు అచ్చువేసిన వాటర్‌లో అండ్ సన్స్ అనే లండన్ ముద్రణ సంస్థ చేతే 500 ఎస్కుడోల నోట్లు అచ్చు వేయించుకున్నాడు. 1925 డిసెంబరులో గుట్టు బయటపడింది. ఏది ఏదో తేల్చలేక బ్యాంక్ ఆఫ్ పోర్చుగల్ ఆ రకం నోట్లన్నీ వెనక్కి తీసుకుని జనానికి వేరే నోట్లిచ్చింది. తర్వాత ఆ సంస్థ మీద దావా వేసి, 1932లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచింది. భరించగలిగినవాళ్లు ముందు భరించారు, బాధ్యుల వెంట తర్వాత పడ్డారు. అవి అసలు యంత్రం మీద అచ్చయిన నోట్లు, నా నోటుకి అంత వైభవం లేదు, ఒప్పుకుంటాను. అందుకే సగమే అడుగుతున్నాను: ఏడాదికి ఒక్కసారి, ఒక్క నోటుకి, గుర్తింపు కార్డు చూసి సగం విలువ ఇవ్వండి. ఆ మాత్రానికి ఏ ముఠా వరుసలో నిలబడదు.

ఏటీఎం సంగతి ఇంకో తలనొప్పి. మిషన్ ముందు నుంచి పక్కకు జరిగామంటే ఆ నోటు అందులోంచే వచ్చిందని రుజువు చేయడం మన వల్ల కాదు. నోట్ల నంబర్లు చదివే యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి. మిషన్‌లో నింపే ముందు ఆ నంబర్లు దాచి ఉంచమని బ్యాంకులకు చెప్పండి.

అసలు నోటు గుర్తులు చెప్పే పోస్టర్లు బోలెడు. దొంగది తీసుకున్నాక ఏం చేయాలో చెప్పే పోస్టరు నాకు ఒక్కటీ కనబడలేదు. ఇచ్చేటప్పుడే అనుమానం వస్తే వేరే నోటు అడగాలి. తీసుకున్నాక తెలిస్తే ఇచ్చినవాడికి తిరిగివ్వకూడదు, అలాగని వాడితో కలబడకూడదు. మనిషి పోలిక, బండి నంబరు, టైము రాసుకోవాలి. నోటుని మరీ తాకకుండా కవర్లో పెట్టి పోలీసులకో బ్యాంకుకో ఇవ్వాలి. నేను నాలుగు మడతలు పెట్టి తాళాల గుత్తితో కలిపి తిప్పాను! నోట్లు పరీక్షించే పెన్నును నమ్ముకున్నవాళ్లకూ ఒక మాట చెప్పించండి. అందులోని అయోడిన్ మామూలు కాగితంలోని గంజిని పట్టుకుంటుంది గానీ, చిన్న నోటును బ్లీచ్ చేసి పెద్ద నోటుగా అచ్చువేస్తే ఏమీ చెప్పదు.

భారత రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటుంది. ఒక లావాదేవీలో నాలుగు దొంగనోట్ల వరకు తేలితే బ్యాంకు నెలవారీ నివేదికలో పోలీసులకు తెలుపుతుంది. అయిదు, అంతకు మించితేనే ఎఫ్ఐఆర్ కోసం పోలీసులకు పంపుతుంది. మీ దగ్గర నిబంధన ఏదైనా సరే, ఇంత సూటిగా కౌంటర్ పైన పెద్ద అక్షరాల్లో రాయించండి. ఒక్క నోటుకే జైలు అనుకుని బ్యాంకు గడప తొక్కనివాళ్లు ఎందరో.

రసీదు ఇంకా నా దగ్గరే ఉంది. నోటు నంబరు ఉంది, నా పేరు ఉంది, నా సంతకం ఉంది. ఆ నోటు నాకిచ్చిన మనిషి గురించి రాయడానికి గడి లేదు. కొత్త ఫారాలు అచ్చువేయించేటప్పుడు అదొకటి పెట్టించండి.

ఇట్లు,
రసీదు తప్ప ఏమీ మిగలని ఒక ఖాతాదారు