గాలి గదులు నలిగితే కార్కు ఎందుకు?

సంపాదకులకు,

కార్కు (సీసా బిరడాలు చేసే చెట్టు బెరడు) పొడి కలిపిన ప్లాస్టిక్ వైపు చూస్తున్న నెల్లూరు, ఒంగోలు మౌల్డింగ్ యూనిట్ల వారు ముందుగా ఒక లెక్క వేసుకోవాలి. కార్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.17 గ్రాములు, పాలీప్రొపిలీన్ (పీపీ) అనే ప్లాస్టిక్‌ది 0.9. అంటే 85 కిలోల పీపీలో 15 కిలోల కార్కు కలిపితే రెండూ ఇంచుమించు సమానమైన చోటు ఆక్రమిస్తాయి. కార్కులోని గాలి గదులు చెక్కుచెదరకపోతే వస్తువు సాంద్రత 0.55 దగ్గర రావాలి. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి చిమ్మే ఇంజక్షన్ మెషీన్ ఒత్తిడికి అవన్నీ నలిగిపోతే 0.93 వస్తుంది, ఉత్త పీపీ కన్నా బరువు! తేలికదనం, కుదుపు ఆపే గుణం, వేడిని అడ్డుకునే గుణం చాలావరకు పోయినట్టే. ముక్కను తూచి, సూదితో నీళ్లలోకి నొక్కి, ఎంత నీరు పొర్లిందో కొలిస్తే సంగతి తేలిపోతుంది.

అందుకే కార్కుకు కంప్రెషన్ మౌల్డింగ్, అంటే మిశ్రమాన్ని వేడి అచ్చులో పోసి నొక్కే పద్ధతి, మేలు. పీపీని కూడా పొడిగానే తీసుకోవాలి. గుళికలైతే కిందికి దిగి, కార్కు పైన తేలి మిశ్రమం విడిపోతుంది. రెండూ వాటంతట అవి అతుక్కోవు. రెంటినీ కలిపి పట్టే జిగురులా, మలేయిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం అతికించిన పీపీ 2 నుంచి 5 శాతం వేయకపోతే, వంచినప్పుడు కార్కు గింజ అంచునే విరుగుతుంది. అచ్చు వేడి 180 డిగ్రీల దగ్గర ఉంచాలి. 200 దాటితే కార్కు మాడి కమురు వాసన వస్తుంది. ఒత్తిడి తీయకుండానే చల్లార్చాలి. తొందరపడి తెరిస్తే అణిగిన కార్కు మళ్లీ ఉబ్బి పలక వంకర తిరుగుతుంది.

కార్కు నీరు పీల్చదన్న ధీమా వద్దు. మన కోస్తా గాలిలో పొడి తేమ పడుతుంది. 80 డిగ్రీల్లో రాత్రంతా ఆరబెట్టి వెంటనే వాడకపోతే లోపల ఆవిరి బుడగలు మిగులుతాయి. ఇంకొకటి, ప్రాణాల మీదికి వచ్చేది: గాలిలో దట్టంగా లేచిన కార్కు ధూళి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. డస్ట్ కలెక్టరు, ఎర్తింగ్ లేకుండా సంచి విప్పకూడదు.

బకెట్లు, కుర్చీలకు ఇది దండగ. ప్లాస్టిక్ ఆదా చేయడమే లక్ష్యమైతే మన రైస్ మిల్లుల ఊక పొడి చాలు, దానిలోని సిలికా, ప్లాస్టిక్‌ను ముందుకు నెట్టే మెషీన్ స్క్రూను అరగదీస్తుందని గుర్తుంచుకుంటే. పోర్చుగల్, స్పెయిన్‌ల నుంచి ఓడెక్కి వచ్చే కార్కును దాని గుణం అక్కరకొచ్చే చోటే వాడాలి. మెషీన్ల కింద కుదుపు ఆపే ప్యాడ్లకు అది తగినది. చీమకుర్తి గ్రానైట్ పలకల మధ్య ప్యాడ్లకూ పరీక్షించి చూడొచ్చు.

కార్కు చెట్టును నరకరు. మొదటి బెరడు సుమారు పాతికేళ్లకు, ఆపై కనీసం 9 ఏళ్లకోసారి ఒలుస్తారు. అది నిజంగా మంచి పద్ధతి. అయినా దానితో కలిసినంత మాత్రాన పీపీ మట్టిలో కలవదు. పైగా ఈ ముక్కలు మామూలు పీపీ తుక్కులో పడితే ఆ లాటంతా పాడవుతుంది. విడిగా ఏరేందుకు ప్రతి ముక్కపై గుర్తు అచ్చు వేయని తయారీదారు లేబుల్ మీద ‘పర్యావరణ హితం’ అని రాయకూడదు.

- ప్లాస్టిక్ మౌల్డింగ్ పనివారు, ఒంగోలు