గురువారం లోపు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో మాట్లాడుతూ కుర్చీలోంచి లేచి "అమ్మా" అన్నావు చూడు, అది ఇంకా నా చెవిలోనే ఉంది. ఆ నడుంనొప్పికి ఆస్టియోపాత్ దగ్గర గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నానన్నావు, మంచిపని చేశావు. కానీ పెట్టేసేముందు "వెళ్లి పడుకుంటే మిగతాది ఆయనే చూసుకుంటాడులే" అన్నావు. అక్కడే నాకు భయం పట్టుకుంది. నీ మొహమాటం నాకు కొత్తా? అడిగినదానికి తలూపి, అడగనిది కడుపులో పెట్టుకుని వచ్చేస్తావు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

ముందు నిన్ను చూడబోయే ఆ మనిషి ఎవరో తెలుసుకో. పేరు విని ఎముకల డాక్టరనుకుంటారు చాలామంది. ఆర్థోపెడిక్ సర్జన్ వేరు, ఆస్టియోపాత్ వేరు. 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. మెనింజైటిస్ అనే మెదడు పొరల జబ్బుతో సొంత పిల్లలు పోతుంటే అప్పటి మందులేవీ ఆదుకోలేకపోయాయి, ఆ దుఃఖంలోంచి వేరే దారి వెతికాడు. ఇప్పుడు అమెరికాలో ఈ చదువు చదివినవాళ్లు పూర్తిస్థాయి డాక్టర్లు, మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. మిగతా చాలా చోట్ల మాత్రం ఇది చేతులతో చేసే వైద్యమే. బ్రిటన్‌లో 1993లో దీనికోసం చట్టమే తెచ్చారు. రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆస్టియోపాత్‌నని చెప్పుకుంటే అక్కడ నేరం. అలాంటి చట్టం లేని దేశాలూ ఉన్నాయి, అక్కడ బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు, ఎక్కడ నమోదయ్యారు అని అడుగు. సరిగ్గా చదువుకున్నవాళ్లు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు.

ఇక మొదటిరోజు. దాదాపు గంట పడుతుంది, అందులో చాలాభాగం మాటలే. నేను మెడనొప్పితో ఒక ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ మనిషి బొమ్మ గీసిన కాగితం ఇచ్చి, నొప్పి ఉన్నచోట పెన్సిల్‌తో రుద్దమంది. కుడి భుజం మీద నల్లగా రుద్దాను. ఎప్పటినుంచి, ఏ పని చేస్తే పెరుగుతుంది, రాత్రి నిద్రలోంచి లేపుతుందా అని ఒక్కొక్కటే అడిగింది. మందులేమైనా వాడుతున్నారా అంటే లేవన్నాను. రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, "ఉబ్బసం ఉందన్నారు కదా, దానికి కూడా ఏమీ లేవా?" అంది. అప్పుడు గుర్తొచ్చింది, ఏళ్ల తరబడి అప్పుడప్పుడూ స్టెరాయిడ్ మాత్రలు మింగానని. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. అవి ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయట, అలాంటివాళ్లకి కీళ్లు గట్టిగా విరవడం ప్రమాదమట. ఆరోజు నెమ్మదిగా కదిలించడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఆ రెండో ప్రశ్న అడిగి ఉండకపోతే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది నాకు.

అందుకే చెబుతున్నాను, వాడే మందులన్నీ ఈరోజే కాగితం మీద రాసుకో. రక్తం పలచబడటానికి వేసుకునేవి ఉంటే అది మొదటి వరసలో ఉండాలి. పాత ఎక్స్‌రేలు, స్కాన్ రిపోర్టులు ఉంటే పట్టుకెళ్లు. రెండేళ్ల కిందట మెట్ల మీంచి పడ్డావు కదా, అది కూడా చెప్పు. పడినప్పుడు ఏం కాలేదుగా అంటావు నువ్వు, ఆ సంగతి వాళ్లని తేల్చనీ.

ఇంకోటి. నిన్న మాటల మధ్యలో ఎడమ పిక్క జివ్వుమంటోందని అని వెంటనే దాటేశావు. అది నరం నొక్కుకోవడం వల్ల కావచ్చు, కాకపోవచ్చు; ముందుగా చెప్పాల్సింది మాత్రం అదే. ఒకవేళ ఈలోపు రెండు కాళ్లూ బలం తగ్గినట్టున్నా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా గురువారం దాకా ఆగకు. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపో. వెన్ను చివర ఉన్న నరాల కట్ట నొక్కుకుపోతే గంటలు కూడా విలువైనవే. నడుంనొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే కూడా ముందు డాక్టర్‌నే చూడాలి.

పరీక్ష చేసేటప్పుడు చొక్కా తీయమంటారు, ఒక్కోసారి లోదుస్తులతో నిలబడమంటారు. నీకు ఇబ్బందైతే వదులుగా ఉండే నిక్కరు తీసుకెళ్లు, గదిలో తోడుగా ఎవరినైనా ఉంచుకో. ముందుకి వంగమంటారు, పక్కలకి తిరగమంటారు, వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తుతారు, చిన్న సుత్తితో మోకాలి దగ్గర తడతారు. ఆ తర్వాత ఏం చేయబోతున్నారో చెప్పి, నువ్వు సరేనన్నాకే మొదలుపెట్టాలి. చెప్పకుండా చేయి వేస్తే ఆపమను.

ఆ చేతుల గురించి కాస్త చెప్పనీ. ఆవిడ బొటనవేలు వెన్ను పక్కన ఒకచోట ఆగింది, నొక్కలేదు, ఊరికే ఆగింది. నేను ఊపిరి వదిలినప్పుడల్లా కొద్దిగా లోపలికి దిగింది. పదిసార్లు ఊపిరి పీల్చి వదిలేసరికి, భుజం చెవి దగ్గరికి లాక్కుని కూర్చున్నానన్న సంగతే నాకు అప్పుడు తెలిసింది.

టక్‌మని శబ్దం వస్తే కంగారుపడకు. మెటికలు విరిచినప్పుడు వచ్చేదే అది, కీలులోని ద్రవంలో గాలిబుడగ ఏర్పడటం వల్ల వస్తుంది. తప్పిపోయిన ఎముక చోటికి రావడం కాదు. రాకపోయినా వైద్యం పనిచేయలేదని అర్థం కాదు. మెడని ఒక్కసారిగా తిప్పే పద్ధతి ఒకటుంది. చాలా అరుదుగానే అయినా, దానివల్ల మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. నేను వద్దన్నాను, ఆవిడ తలూపి వేరేది చేసింది. నీది నడుమే అయినా మెడ దాకా వస్తే వద్దనే హక్కు నీదే.

తర్వాత ఒకట్రెండు రోజులు ఒళ్లంతా పులిసినట్టుంటుంది, తగ్గిపోతుంది. తగ్గకుండా పెరిగినా, కొత్తగా తిమ్మిరి మొదలైనా ఫోన్ చేసి చెప్పు.

ఇది అన్నిటికీ మందని మాత్రం నమ్మకు. నడుంనొప్పికి కొంత ఉపయోగం కనిపించింది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2016లో చెప్పింది కూడా, వ్యాయామంతో కలిపితేనే చేతి వైద్యం వాడమని. అందుకే వ్యాయామం నేర్పకుండా పంపేస్తే అడిగి నేర్చుకో. ఉబ్బసం తగ్గిస్తామన్నా, ఇరవైసార్లకి డబ్బు ముందే కట్టమన్నా లేచి వచ్చెయ్. మూడు నాలుగుసార్లు వెళ్లినా తేడా తెలియకపోతే, ఇంకేం చేద్దామని వాళ్లనే అడగాలి.

గురువారం ఇంటికి రాగానే ఫోన్ చెయ్యి. నడుమెలా ఉందని తర్వాత అడుగుతాను, ముందు పిక్క సంగతి చెప్పావా లేదా అని అడుగుతాను.

నీ
మూర్తి